సార్ ఇంట్లో లేరా అమ్మా?

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో హైదరాబాద్ నుంచి వచ్చినవే ఎక్కువ. వంకాయ కూర, కారుతున్న పైపు, శుభలేఖ మీది ఇంటిపేరు, బస్సులో సీటు, కాలేజీ ఫారంలో ఒక గడి, రాఖీ పండుగనాడు అడిగిన ఒక సంతకం, ఇవీ వాటిలోని విషయాలు. చదువుతుంటే చాలాచోట్ల నవ్వొచ్చింది. రాసినవారు కూడా నవ్వుతూనే రాశారు. అయినా ఇంటి సంగతులన్నీ గుర్తుపెట్టుకునే భారం ఎవరిది, ఇంటి కాగితాల మీద పేరు ఎవరిది అన్న ప్రశ్నే అన్నిటిలోనూ కనిపించింది కాబట్టి వాటిని ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేనూ మా ఆవిడా ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. ఆదివారం వంట నాది. మొన్న గుత్తివంకాయ కూర చేస్తే, ఇంటికి వచ్చిన మా అత్తగారు అడిగి మరీ రెండోసారి వేయించుకున్నారు. మా ఆవిడ మాత్రం "ఇంతకన్నా నేనే చేసుకుంటే సుఖంగా ఉండేది" అంది. వంట మధ్యలో కొన్ని సందేహాలు అడిగిన మాట నిజమే. చింతపండు ఏ డబ్బాలో ఉంది, పల్లీలు ఎంతసేపు వేయించాలి, మిక్సీ చిన్న జార్ మూత ఎక్కడ పెట్టావు, ఈ గిన్నె కడిగిందేనా, ఒకసారి వచ్చి ఉప్పు చూస్తావా, ఇంతే. మగవాడు ఏం చేసినా తప్పు పట్టడమేనా స్త్రీవాదం?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: అత్తగారు రెండోసారి వేయించుకున్నారంటే కూర బాగానే కుదిరి ఉంటుంది, అందులో నాకు అనుమానం లేదు. అయితే మీరు రాసిన సందేహాలనే వరుసగా మరొకసారి చదువుకోండి. చింతపండు డబ్బా గురించి అడిగినప్పుడు మీ ఆవిడ బట్టలు మడతపెడుతున్నారో, పిల్లలకు ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నారో మీరు రాయలేదు కానీ, ఆమె ఏ గదిలో ఉన్నా ఆమె ధ్యాస వంటింట్లోనే ఉండవలసి వచ్చిందని మీ ప్రశ్నలే చెబుతున్నాయి. ఉప్పు చూడడానికి చేస్తున్న పని వదిలి లేచి వచ్చారు, చూసి వెళ్ళారు, మళ్ళీ మూత కోసం పిలిస్తే వచ్చారు. ఆదివారం ఆమెకు విశ్రాంతి ఇవ్వాలన్న మీ ఉద్దేశం మంచిది; ఆ విశ్రాంతి మాత్రం ఆమెకు అందలేదు.

జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, మన దేశంలో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు అందుకు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, అదే పని చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2019 సర్వేలో ఈ అంకెలు 299, 97గా ఉండేవి. అంటే అయిదేళ్ళలో ఆడవారి పని పది నిమిషాలు తగ్గితే, మగవారి పని కూడా తొమ్మిది నిమిషాలు తగ్గింది! ఆడవారి భారం కాస్త దిగినప్పుడు ఆ దిగినది మగవారి భుజానికి చేరలేదన్నది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. పైగా ఇవన్నీ చేతులతో చేసే పనికి సంబంధించిన లెక్కలు. కందిపప్పు గురువారానికి అయిపోతుంది, శనివారం పనమ్మాయి రాదు, మంగళవారం పిల్లాడికి తెల్ల బూట్లు కావాలి, ట్యాంకర్‌కు ఈ రాత్రే చెప్పకపోతే రేపు నీళ్ళుండవు అని మెట్రోలో నిలబడి, ఆఫీసు మీటింగులో కూర్చొని చేసే ఆలోచన ఏ సర్వే నిమిషాలలోనూ సులభంగా ఒదగదు.

కాబట్టి వంట మానకండి, దాన్ని పూర్తిగా మీదిగా చేసుకోండి. శనివారం సాయంత్రం రైతుబజార్‌కు వెళ్ళి, పుచ్చులు లేని లేత వంకాయలు ఏరుకోవడం దగ్గర మొదలుపెట్టి, సోమవారం పొద్దున పోపుల డబ్బాలో ఆవాలు నింపి పెట్టడం వరకు ఆ పని మీదే కావాలి. చింతపండు దొరక్కపోతే డబ్బాలన్నీ తీసి చూడండి. రెండు వారాలకు ఏది ఎక్కడుందో మీకూ తెలిసిపోతుంది. పప్పు నిండుకున్న సంగతి మరిచిపోతే ఆ పూట పెరుగూ పచ్చడితో అందరూ తింటారు, ఎవరికీ ఏమీ కాదు. మీ ఆవిడకు కూడా ఒక మాట చెప్పండి: ఆ రోజు గ్యాస్ గట్టు మీద ఏం పడినా ఆమె చూడడానికి రాకూడదు. ఏళ్ళ తరబడి ఒంటరిగా మోసిన పనిని చేతులు దులుపుకొని వదిలేయడం ఆమెకూ అంత తేలిక కాదు, అందుకు కొంచెం గడువు ఇవ్వండి.

ప్రశ్న: నేను సివిల్ ఇంజినీర్‌ని. సొంత ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటున్నాను. బాత్రూమ్ గోడ చెమ్మ పట్టిందని ప్లంబర్‌ను పిలిస్తే, తలుపు తీయగానే "సార్ ఇంట్లో లేరా అమ్మా?" అన్నాడు. లేరని చెబితే, నా దగ్గరే నంబరు తీసుకొని వరంగల్‌లో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేసి చాలాసేపు వివరించాడు. మా తమ్ముడికి పీవీసీ పైపుకూ సీపీవీసీ పైపుకూ తేడా తెలియదు. వాడు అంతా విని, ఫోన్ పెట్టేసి, నాకు ఫోన్ చేసి "అక్కా, ఏం చెప్పమంటావు?" అని అడిగాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.
— ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: హాయిగా నవ్వండి, కానీ ఈసారి నంబరు ఇవ్వకండి. ఆ ప్లంబర్ మిమ్మల్ని చిన్నబుచ్చాలని అలా అని ఉండడు. తలుపు తీసిన ప్రతి ఇల్లాలూ "ఆయన వచ్చాక రండి" అని చెప్పి పంపితే, పనివాళ్ళకు ఆ ప్రశ్నే అలవాటవుతుంది. "ఫ్లాటు నాదే, పని చెప్పేదీ డబ్బులిచ్చేదీ నేనే, చెమ్మ షవర్ లైను నుంచి వస్తోందా, డ్రెయిన్ దగ్గర నుంచా చూడండి" అని మీరు మొదటే అంటే, అతడు ఆ రెండో మాట దగ్గరే సర్దుకుంటాడు. మీ తమ్ముడికి కూడా, ఇలాంటి ఫోన్ వస్తే "అక్కనే అడగండి" అని పెట్టేయమని చెప్పండి. వాడికీ ప్రాణం తెరిపిన పడుతుంది.

ఇంతకన్నా ముఖ్యమైనది, మీరు ఉత్తరం చివర చిన్న అక్షరాలతో రాసినది: మీ అపార్ట్‌మెంట్ సంఘం మెయింటెనెన్స్ రసీదులు కూడా మీ తమ్ముడి పేరుతోనే వస్తున్నాయని. దాన్ని వెంటనే సరిచేయించండి. రిజిస్ట్రేషన్ మీ పేరున ఉంది కాబట్టి సంఘంలో సభ్యత్వమూ ఓటూ మీవే. చాలా సంఘాల్లో బతుకమ్మకూ వినాయక చవితి ముగ్గులకూ మహిళలను పిలుస్తారు, బోరు మోటారు సంగతీ లిఫ్టు కాంట్రాక్టూ వచ్చేసరికి మగవారే కూర్చొని తేల్చేస్తారు. బతుకమ్మ పేర్చే చేతులు ఖాతా పుస్తకం కూడా పట్టుకోగలవు. వచ్చే సర్వసభ్య సమావేశంలో నీళ్ళు, మరమ్మతుల బాధ్యత అడిగి తీసుకోండి. ఆ భవనంలో దానికి మీకన్నా అర్హులు మరొకరు ఉంటారని నేను అనుకోను.

ప్రశ్న: మా కోడలు పెళ్ళయినా ఇంటిపేరు మార్చుకోలేదు. ఇప్పుడు గృహప్రవేశం శుభలేఖలో కూడా పుట్టింటి ఇంటిపేరుతోనే తన పేరు వేయమంటోంది. పిల్ల మంచిది, నన్ను బాగా చూసుకుంటుంది, కానీ బంధువులకు ఏం చెప్పుకోను? మా కాలంలో అడగకుండానే మార్చేశారు.
— ఒక అత్తగారు, నల్లకుంట

జవాబు: అమ్మా, పెళ్ళయిన స్త్రీ ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. పాస్‌పోర్టుకు వివాహ ధ్రువపత్రం అక్కరలేదని కేంద్ర ప్రభుత్వం 2016 డిసెంబరులోనే నిబంధనలు సవరించింది. మీ కోడలి పదో తరగతి మెమో నుంచి బ్యాంకు ఖాతా దాకా అన్నీ ఒకే పేరుతో ఉన్నాయి. దాన్ని మార్చుకుంటే రేపు ప్రతి కౌంటర్ దగ్గరా "ఆ అమ్మాయీ నేనూ ఒక్కరమే" అని అఫిడవిట్ పట్టుకొని నిలబడవలసి వస్తుంది. మీ తరం స్త్రీలు ఎంతోమంది పాత సర్టిఫికెట్‌లో ఒక ఇంటిపేరు, రేషన్ కార్డులో ఇంకొక ఇంటిపేరు, పాసుబుక్కులో ఉత్త పొడి అక్షరాలు ఉండి, పింఛను కోసం ఎన్నిసార్లు తిరిగారో మీకు నేను చెప్పనక్కరలేదు.

"అడగకుండానే మార్చేశారు" అన్న మీ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీ ఉత్తరంతో పంపిన శుభలేఖ నమూనాలో ఆహ్వానించేవారిగా మీ వారి పేరు, అబ్బాయి పేరు ఉన్నాయి. మీరు "దంపతులు" అన్న మాటలో కలిసిపోయారు. అచ్చుకు ఇచ్చేముందు మీ పేరును కూడా పూర్తిగా, మీ వారి పేరు పక్కన వేయించండి. మీ పుట్టింటి పేరుతో వేయాలనిపిస్తే అలాగే వేయండి. బంధువులు అడిగితే ఇద్దరూ కలిసి జవాబు చెప్పవచ్చు. కోడలు కోరినదానికి మీ ఇంట్లో అందరికన్నా ముందు మద్దతు ఇవ్వవలసినవారు మీరే అని నాకనిపిస్తోంది.

ప్రశ్న: ఉప్పల్ నుంచి సికింద్రాబాద్‌కు రోజూ బస్సులో వెళతాను. ఆడవాళ్ళకు ఉచితం అయినప్పటి నుంచి మాకు నిలబడడానికి కూడా చోటు లేదు. మొన్న నా చెయ్యి ఒక బస్టాపులో బయట, నేను లోపల ఉండిపోయాం. సమానత్వం కావాలనేవారికి ఉచిత టికెట్టూ ప్రత్యేక సీట్లూ ఎందుకు?
— ఒక ప్రయాణికుడు

జవాబు: మీ చెయ్యి క్షేమంగా లోపలికి వచ్చిందని ఆశిస్తున్నాను. తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి మహిళలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ, నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ టికెట్ డబ్బు లేకుండా ప్రయాణిస్తున్నారు. కండక్టర్ కార్డు చూసి జీరో టికెట్ ఇస్తారు, ఆ ఛార్జీ ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాలి. అంటే బస్సుకు ఆమె బరువు కాదు, ఆమె కూడా లెక్కలో ఉన్న ప్రయాణికురాలే.

రేపు ఎక్కినప్పుడు మీ ముందు నిలబడినవారిని ఒకసారి గమనించండి. నాలుగిళ్ళలో అంట్లు తోమడానికి వెళుతున్న ఆమె ఆ చిన్న కాగితాన్ని మడిచి కొంగు ముడిలో దాచుకుంటుంది. ఇదివరకు ఛార్జీ మిగులుతుందని రెండు స్టాపుల దూరం నడిచినవారు, కోచింగ్ దూరమని మానేసిన పిల్లలు, అమ్మను చూడడానికి భర్తను డబ్బు అడగలేక ఆగిపోయినవారు ఇప్పుడు బస్సులో ఉన్నారు. సొంత జేబు లేని మనిషికి దారి ఖర్చు లేకుండా చేయడాన్ని నేను సమానత్వానికి విరుద్ధంగా చూడలేను. ప్రత్యేక సీట్లు ఎందుకు పెట్టవలసి వచ్చిందో మీ ఇంట్లో ఆడపిల్ల ఉంటే అడగండి, తన అనుభవంతో చెబుతుంది. రద్దీ గురించిన మీ బాధ నూటికి నూరుపాళ్ళు నిజం, దానికి మందు బస్సుల సంఖ్య పెంచడం. డిపో మేనేజర్‌కు ఇచ్చే అర్జీ మీద మీతోపాటు ఇరుక్కుని నిలబడినవారి సంతకాలు కూడా తీసుకోండి. అందులో సగానికి పైగా ఆడవారివే ఉంటాయి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ అడ్మిషన్ ఫారంలో "తల్లి వృత్తి" అన్న గడిలో "ఏమీ లేదు" అని రాసి, నన్ను సంతకం పెట్టమన్నాడు. నేను అప్పుడే వాళ్ళ నానమ్మకు షుగర్ ఇంజెక్షన్ చేసి, సిలిండర్ బుక్ చేసి, వాడి ఒకే ఒక్క మంచి చొక్కా ఇస్త్రీ చేసి వచ్చి కూర్చున్నాను.
— ఒక గృహిణి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఆ గడిని కొట్టేసి "గృహ నిర్వహణ" అని వాడిచేతనే రాయించండి. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే తమ ముఖ్యమైన పని అని చెప్పిన స్త్రీలు దాదాపు 15.98 కోట్ల మంది, పురుషులు 57.9 లక్షల మంది. రోడ్డు ప్రమాదంలో మరణించిన ఒక దంపతుల కేసులో సుప్రీంకోర్టు 2021 జనవరిలో తీర్పు ఇస్తూ, గృహిణి పనికి ఆర్థికమైన విలువ ఉందనీ, పరిహారం లెక్కించేటప్పుడు ఆమెకు ఆదాయం ఉన్నట్టుగానే పరిగణించాలనీ చెప్పింది. ఆ ధర్మాసనంలో ఉన్న మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ పైన చెప్పిన అంకెలను తన అభిప్రాయంలో ఉదహరించారు. దేశపు అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకున్న పనిని మీ అబ్బాయి ఒప్పుకోవడానికి ఒక వారం చాలు. ఆ వారం తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకోమనండి.

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. ఉద్యోగరీత్యా సరూర్‌నగర్‌లో ఉంటున్నాం. నాన్న పోయి రెండేళ్ళయింది, వీలునామా రాయలేదు. తాతల నాటి పొలం ఉంది, నాన్న కట్టించిన ఇల్లు ఉంది, అందులో అమ్మ ఉంటోంది. మా అన్నయ్య చెడ్డవాడు కాడు. మహిళా దినోత్సవం రోజున అందరికన్నా ముందు స్టేటస్ పెడతాడు, కూతురికి స్కూటీ కొనిచ్చాడు. ఈసారి రాఖీకి వెళితే, హారతి పళ్ళెం పక్కనే కాగితాలు పెట్టి "ఊరికే ఫార్మాలిటీ, ఒక్క సంతకం పెట్టు చెల్లే" అన్నాడు. వదిన చీర పెట్టింది. కళ్ళద్దాలు తెచ్చుకోలేదని చెప్పి తప్పించుకొని వచ్చాను. పెళ్ళిలో బంగారం పెట్టాం కదా అంటున్నారు. అడిగితే పుట్టింటికి రాకపోకలు పోతాయేమో. నేను ఆశపోతునా?
— ఒక చెల్లెలు

జవాబు: కాదమ్మా, మీరు ఆశపోతు కారు. కళ్ళద్దాలు మరిచిపోవడం ఆ రోజు మీరు చేసిన మంచి పని. ఇక ఆ కాగితాన్ని కళ్ళద్దాలు పెట్టుకొని, వకీలు పక్కన ఉండగా చదవండి. మీరు చెప్పినదాన్ని బట్టి అది హక్కు విడుదల పత్రంలా, అంటే ఆస్తిలో మీ వాటాను వదులుకుంటున్నట్టు రాసిచ్చే కాగితంలా ఉంది. సంతకం చేసి రిజిస్ట్రేషన్ కూడా జరిగిపోయాక, దాన్ని కొట్టేయించడానికి ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరగవలసి ఉంటుంది.

ఈ విషయంలో దేశంలో చాలా రాష్ట్రాలకన్నా ముందు నడిచింది మన ప్రాంతమే. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురికి కూడా ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయినవారికి అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన కేంద్ర సవరణ పెళ్ళయినవారు, కానివారు అన్న తేడా లేకుండా దేశమంతటికీ ఆ హక్కు తెచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న సందేహాన్ని కూడా 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చేసింది: హక్కు పుట్టుకతోనే వస్తుంది, ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కరలేదు. 2004 డిసెంబరు 20కి ముందు సక్రమంగా జరిగిపోయిన పంపకాలను మాత్రం ఈ సవరణ కదిలించదు.

కాబట్టి మీ పొలం ఉమ్మడి కుటుంబపు ఆస్తే అయితే అందులో మీ అన్నయ్యకు ఎంతో మీకూ అంతే. నాన్నగారి సొంత సంపాదనతో కట్టిన ఇల్లు, వీలునామా లేదు కాబట్టి, అమ్మకూ అన్నయ్యకూ మీకూ సమాన భాగాలుగా వస్తుంది. పెళ్ళిలో పెట్టిన బంగారంతో ఈ హక్కు చెల్లిపోదు. మీ అన్నయ్య చదువుకు, పెళ్ళికి అయిన ఖర్చును ఆయన వాటాలోంచి ఎవరూ తీసివేయడం లేదు కదా.

రాకపోకల భయం నేను చిన్నదిగా చూడను. ఎంతోమంది ఆడపిల్లలు పండుగకు ఒక గడప మిగలాలన్న ఆశతోనే సంతకం పెట్టేస్తారు. అన్నయ్యతో మాట్లాడేటప్పుడు కోర్టు మాటతో మొదలుపెట్టకండి. ఆయన స్కూటీ కొనిచ్చిన కూతురి గురించి మాట్లాడండి: రేపు ఆ పిల్లకు ఆమె తమ్ముడు ఇలాగే కాగితం చాపితే ఏం చెబుతావని అడగండి. చివరికి మీరు మీ వాటాలో కొంత వదులుకోవాలనుకున్నా, దాని విలువ ఎంతో తెలుసుకొని, మీ ఇష్టంతో వదులుకోవాలి.

ఈలోగా పట్టాదారు పాసు పుస్తకం నకలు, ఇంటికి సంబంధించిన ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే పత్రం), నాన్నగారి మరణ ధ్రువపత్రం సంపాదించి పెట్టుకోండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం, ఆదాయం ఎంతున్నా సరే, స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. నల్గొండ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వవచ్చు, 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. అన్నట్టు, మీ అన్నయ్య తెచ్చిన కాగితంలో అమ్మ చేత కూడా సంతకం పెట్టించే చోటు ఉందేమో చూడండి. ఉంటే ముందు ఆమెను ఆపండి. ఆ ఇంట్లో ఇప్పుడు ఉంటున్నది ఆమె, ఆమె భాగం ఆమె పేరున నమోదయ్యేదాకా మీ ఇద్దరి వాటాల మాట పక్కన పెట్టినా ఫరవాలేదు.